పేలుడుకు ముందు రమ్మనే కేక

వికారాబాద్ నుంచి కోట్‌పల్లి పోయే దారిలో కొత్తగా లేచిన వినోద పార్కులో ఒక తప్పు జరుగుతూ వచ్చింది. సినిమాను చూసి కట్టిన చీకటి సొరంగంలో, బండను పగలగొట్టే మందుగుండు తూటా పేలబోయే ముందు ఒక కేక వినిపించేవాళ్లు. గని పనిలో ఆ కేకకు అర్థం ‘ప్రమాదం దాటిపోయింది, ఇక దిగి రండి’ అని. పారిపోవలసిన చోట మనిషిని రమ్మని పిలిచేవాళ్లు. జనాన్ని కూర్చోబెట్టి తిప్పే బండి ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు పిలిచేవాళ్లు. ఆ గొంతు నాది.

ఇది చిన్న సంగతి అని నాకు చెప్పినవాళ్లు చాలామంది. వాళ్లలో ఒక్కరు కూడా గనిలో నిలబడి ఆ కేక విన్నవాళ్లు కారు. అందుకని మొదటి నుంచి రాస్తాను.

మాది తాండూరు. పుట్టింది, పెరిగింది, వెంట్రుకలు తెల్లబడింది అంతా నాపరాళ్ల మధ్యనే. బడికి పోయింది తక్కువ. అక్షరాలు నాకు ఎవరూ పలక మీద దిద్దించలేదు, నేనే ఏరుకున్నాను. లారీల వెనక రాతలు, రొట్టెలు చుట్టుకొచ్చిన పాత పేపర్లు, తరవాత గ్రంథాలయంలో చేతికందిన ప్రతి పుస్తకం. ఇట్లా చదువు నేర్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. కాగితం చూస్తే నమ్మడు. రెండోసారి చదువుతాడు. రాయనిది ఏముందా అని వెతుకుతాడు. ఆ జబ్బు నాకుంది, దాన్ని నేను నయం చేయించుకోదలచుకోలేదు.

మా గనుల్లో పైన నల్లమట్టి. దాని కింద దేనికీ పనికిరాని మొండిబండ. ఆ బండ పోతే అడుగున నాపరాయి, పుస్తకంలో పేజీల లెక్క పొరలు పొరలుగా ఉంటుంది. నాపరాయిని ఉలితో, గడ్డపారతో, ఓపికతో లేపాలి. మొండిబండకు మాత్రం తూటా పెట్టాలి. తూటా పెట్టి వత్తి అంటించేవాణ్ని తూటా మేస్త్రీ అంటాం. అంటించే ముందు గట్టు మీద నిలబడి కేక వేసేవాడు ఇంకొకడు. ఆ ఇంకొకణ్ని నేను. మా తూటా మేస్త్రీ, నేను కలిసి ఎన్ని గనులు తిరిగామో ఆయనకే సరిగా గుర్తులేదు. నాకు గుర్తుంది.

కేకలు రెండు. వాటిలో మాటలు ఉండవు. ఎందుకంటే గనిలో పనిచేసేది ఒక భాషవాళ్లు కాదు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కన్నడంవాళ్లు ఉంటారు, తండాలవాళ్లు ఉంటారు, ఉర్దూ తప్ప వేరే రానివాళ్లు ఉంటారు. మాటతో చెబితే ఒకడికి అర్థమై ఇంకొకడు చస్తాడు. అందుకని మాకంటే ముందువాళ్లు గొంతుతోనే చెప్పడం పెట్టారు. మొదటిది ఉరకమనే కేక. ఊపిరి ఉన్నంతవరకు కింద నుంచి పైకి లాగుతూ పోవాలి, పైన తెంపాలి. మళ్లీ లాగాలి. మూడోది అన్నిటికంటే పొడుగు. అది వింటే చేతిలో ముద్ద ఉన్నా పారేసి ఉరకాలి. రెండోది రమ్మనే కేక. పేలుడు అయ్యి, దుమ్ము కిందికి దిగి, పెట్టిన తూటాలన్నీ పేలాయని మేస్త్రీ లెక్క చూసుకొని చెయ్యి ఊపాక వేస్తాం. రెండు పొట్టి కేకలు, వెంటనే ఒక మెత్తటి దీర్ఘం, పైనుంచి కిందికి. జోలపాటలాగా ఉంటుందని ఆడవాళ్లు అనేవాళ్లు.

ఈ రెంటిలో మొదటిదానికి ఒక కట్టుబాటు ఉంది. తూటా లేని చోట ఉరకమనే కేక వెయ్యకూడదు. నవ్వులాటకు వెయ్యకూడదు, నేర్పించడానికి వెయ్యకూడదు, తాగి వెయ్యకూడదు. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒకతను వేశాడు. మధ్యాహ్నం జనం అన్నాలు తింటుంటే వెనక నుంచి వేశాడు. అందరూ గిన్నెలు వదిలి ఉరికారు. అతను గట్టు మీద పడి పడి నవ్వాడు. రెండు రోజుల తరవాత నిజం కేక పడింది. అందరూ లేచారు, ఒక్క మనిషి లేవలేదు. “మల్ల నవ్వులాటే” అన్నాడట. అదే అతని చివరి మాట. కేక వేసినతని ఉలి, సమ్మెట గని బయటికి విసిరేశారు, మళ్లీ ఏ గనిలోనూ అతనికి పని దొరకలేదు. అప్పటి నుంచి నేను ఒంటరిగా పొలంలో ఉన్నప్పుడు కూడా ఆ కేక వెయ్యలేదు. కొత్తవాళ్లు దాన్ని నిజం పేలుడు దగ్గర వినే నేర్చుకుంటారు. నేనూ అట్లానే నేర్చుకున్నాను.

ఇక సినిమావాళ్ల సంగతి. నీళ్లు నిండి వదిలేసిన ఒక పాత గని దగ్గరికి నాలుగు పెద్ద బండ్లు వచ్చాయి. సాహస సినిమా అన్నారు. గని అడుగున నిధి ఉంటుందట, హీరో పట్టాల మీద తోపుడు బండిలో సొరంగాలన్నీ తిరుగుతాడట. మా గనుల్లో పట్టాలు లేవు, సొరంగాలు అసలే లేవు. మావి ఆకాశం కేసి నోరు తెరిచిన గోతులు. ఆ మాటే చెప్పాను. “సినిమా కదా పెద్దాయనా” అన్నారు. నాకు అనుమానం వచ్చింది. సినిమా పేరు చెప్పి భూమి కొలుస్తున్నారేమో అనుకొని రెండు రోజులు వాళ్ల వెనక తిరిగాను. మూడు కాళ్ల పీట మీద ఉన్నది కెమెరానే అని నిర్ధారించుకున్నాకే పక్కన కూర్చున్నాను.

వాళ్లలో శబ్దాలు పట్టే యువకుడు ఒకతను ఉన్నాడు. కర్రకు బొచ్చు తొడుగు వేసిన మైకు కట్టుకొని గాలిని వెతుక్కుంటూ తిరిగేవాడు. ఎవరో నా సంగతి చెప్పారు. వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“పెద్దాయనా, తూటా పేల్చే ముందు మీరేదో కేక వేసేవాళ్లట కదా. ఒక్కసారి వేస్తారా?”

“ఎందుకు?”

“సినిమాలో పెట్టుకుంటాం.”

“పెట్టుకొని ఏం జేస్తరు?”

“జనం వింటారు.”

“ఇని?”

అతను నవ్వాడు. పక్కనే బండ మీద కూర్చున్న మా తూటా మేస్త్రీ కూడా నవ్వాడు. ఆయనకు ఒక చెవి పనిచెయ్యదు. “ఒక చెవి తూటాకిచ్చిన, ఇంకోటి నా పెండ్లానికిచ్చిన” అంటుంటాడు. ఆ మిగిలిన చెవి మైకు వైపు తిప్పి, “ఏసియ్యరాదురా, నీ గొంతేమన్న అరుగుతదా” అన్నాడు.

ముందు కాగితం మీద సంతకం అన్నారు. కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. చదివి చెప్పమన్నాను. అందులో ఒక చోట ఈ గొంతును ఇప్పుడున్న, ముందు ముందు రాబోయే అన్ని రకాల సాధనాల్లో, విశ్వమంతటా వాడుకోవచ్చు అని ఉంది.

“విశ్వమంతట అంటే ఎందాక?” అని అడిగాను.

“అది ఊరికే రాసే మాటండి. అందరికీ అదే రాస్తారు.”

“చంద్రుని మీద గని తవ్వితే ఆడ గూడ నా కేకనేనా?”

“అయితే మీకే గొప్ప కదా” అన్నాడు. తెలివైనవాడే. సంతకం పెట్టాను. కేక వేశాను. మూడుసార్లు వేయించుకున్నారు. సాయంత్రం శాలువా కప్పారు.

సినిమా వచ్చింది. తాండూరులో మేస్త్రీ, నేను కలిసి చూశాం. నా కేక డప్పుల మోతలో ఎక్కడ కలిసిందో తెలియలేదు. మేస్త్రీ అయితే హీరో పక్కన గంతులేసిన అమ్మాయి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. పోనీలే, ఒక శని పోయింది అనుకున్నాను.

పోలేదు. మా బిడ్డ వికారాబాద్‌లో ఉంటుంది. దసరా సెలవుల్లో ఫోన్ చేసింది. “నాయినా, గా సినిమాను పార్కుల ఆట లెక్క కట్టిన్రు. బండ్ల కూసుంటే సొరంగంల తిప్పుతరంట. నీ గొంతు మస్తుగ ఇనొస్తదంట. బండి దిగినోళ్లందరు గదే ముచ్చట. పిల్లను తీస్కొని రా, పోదాం.” మనవరాలు నా దగ్గరే ఉండి చదువుకుంటున్నది. తాండూరులో పొద్దున రైలెక్కి వికారాబాద్‌లో దిగి, బిడ్డను కలుపుకొని పార్కుకు పోయాం. పార్కు ద్వారం దగ్గర పరిగి నుంచి బస్సు కట్టుకొని వచ్చిన బడి పిల్లలు, మర్పల్లి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, సగానికి సగం మా తాండూరువాళ్లు. బండల పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్లు నలుగురు నన్ను గుర్తుపట్టి పలకరించారు.

గని ఆకారంలో కట్టిన గోడను వేలు మడిచి కొట్టి చూశాను. డొల్ల. నాపరాయి రంగు వేశారు గానీ పొరలు నిలువుగా గీశారు. మా రాయి పొరలు పడుకొని ఉంటాయి. ఈ మాత్రం చూసుకోనివాళ్లు ఇంకేం చూసుకుంటారు అనుకున్నాను.

బండిలో కూర్చోబెట్టి కడ్డీ ఒకటి ఒడి మీదికి దించారు. చీకటి. బండి మెలికలు తిరిగింది. హీరో బొమ్మ ఒకటి లేచి ఏదో అరిచింది. ఒకచోట బండి టక్కున ఆగింది. ఎదురుగా తూటాల కట్ట, వత్తి మీద ఎర్రటి నిప్పు పాకుతున్నది. నాకు తెలియకుండానే చెవులు రిక్కించాను. అప్పుడు వచ్చింది నా గొంతు. రెండు పొట్టి కేకలు, ఒక మెత్తటి దీర్ఘం, పైనుంచి కిందికి. బండిలో ఉన్నవాళ్లంతా అలవాటైనట్టు రెండు చేతులూ పైకెత్తి ‘హే’ అన్నారు. మనవరాలు కూడా ఎత్తింది. ఢామ్మని చప్పుడు, మొహం మీద నీళ్లు, బండి కిందికి జారింది. అందరూ నవ్వారు. అంటుకున్న వత్తిని ఎదురుగా పెట్టి, నా గొంతుతోనే నా మనవరాలిని రమ్మన్నారు.

బయటికి రాగానే బిడ్డ ఫోన్ కెమెరా నా మొహం మీదికి పట్టి, “ఎట్లుంది నాయినా?” అంది.

“మోసం” అన్నాను.

“అయ్యో, గప్పుడే మొదలువెట్టిండు” అంది.

ఆ ఆటకు బాధ్యులు ఎవరని అడిగితే ఒక యువతి వచ్చింది. చేతిలో వైర్‌లెస్, మెడలో పట్టీ. నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. అడగకుండా టీ ఇచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. టీ ముట్టుకోకుండా సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది.

“సర్, మేం దాన్ని భయం కోసం పెట్టాం. ఆ రెండు కేకలకు తేడా జనానికి తెలియదు కదా.”

“జనం అంటే ఎవరమ్మా? బయట లైన్ల నిలబడ్డోళ్లల్ల సగం మంది మా దిక్కోళ్లే. ఆళ్ల పిల్లలు సెలవులల్ల గనులకు సద్ది తీస్కపోతరు.”

“ఇప్పుడు గనుల్లో సైరన్లు ఉంటాయి కదా సర్?”

“పెద్దయిట్ల ఉంటయి. చిన్నయిట్ల ఇంక కేకనే.”

ఆమె వైర్‌లెస్ పక్కన పెట్టి, “శబ్దాలన్నీ సినిమావాళ్లు ఇచ్చినవే. మేం ఏదీ మార్చలేదు. మీరు రాతపూర్వకంగా ఇస్తే పైకి పంపుతాను” అంది. పైకి అంటే ఎక్కడికో ఆమె చెప్పలేదు. మేం మార్చలేదు అన్న మాట మాత్రం పట్టుకున్నాను. అడగని మాట ఎందుకు చెప్పింది? తాను మార్చలేదని ముందే చెప్పుకునేవాడే సాధారణంగా మార్చి ఉంటాడు. ఇంటికి వచ్చేదాకా రైలులో అదే ఆలోచించాను. నా ఉరకమనే కేకను మిషన్‌లో కత్తిరించి, తిప్పి, చెవికి ఇంపుగా ఉండేట్టు చేసి పెట్టుకున్నారని తేల్చుకున్నాను.

మొదటి ఉత్తరం నాలుగు పేజీలు రాశాను. తెలిసి తెలిసి కేకలు తారుమారు చేశారని రాశాను. పనివాళ్ల బతుకును గారడీ చేశారని, విశ్వమంతటా అని రాయించుకున్నది ఇందుకేనా అని రాశాను. రిజిస్టర్ పోస్టులో పంపాను. జవాబు లేదు. పోస్టాఫీసుకు పోయి అడిగితే ముట్టింది అన్నారు. ముట్టిన సంతకం చూపించమన్నాను. చూపించారు. అది సంతకంలా లేదు, గీతలా ఉంది. గీత పెట్టినవాళ్లు చదివి ఉండరని నాకు అప్పుడే అర్థమైంది.

ఇట్లా రోజులు పోతుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం మా వీధి చివర విరిగిన బండల గుట్ట దగ్గర గోల వినిపించింది. మనవరాలు, ఇంకో నలుగురు ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. ఒక పిల్ల గుట్టపైన నిలబడి కేక వేసింది. నేను వేసే రమ్మనే కేకే. అచ్చంగా దింపింది. కింద ఉన్నవాళ్లు చేతులు పైకెత్తి, తరవాత చెవులు మూసుకొని, ఢామ్ అని అరుస్తూ పడిపోయారు. పార్కు ఆటను ఆడుతున్నారు. ఆ గుట్టపైన ఉన్న పిల్ల తండ్రి ఇప్పటికీ ఒక చిన్న గనిలో పనిచేస్తాడు.

నేను దగ్గరికి పోయి ఆ పిల్లను అడిగాను. “గీ కేక ఇనొస్తే ఏం జెయ్యాలె?”

“చేతులు లేపాలె తాతా. తర్వాత పేలుతది.”

“మీ నాయిన పనిచేసే కాడ గీ కేక ఎప్పుడేస్తరో ఎర్కనా?”

“గక్కడ సద్ది ఇచ్చి వచ్చేస్త. నాకేం తెల్వదు.”

“ఇంకో కేకుంటది. పొడుగ్గ. మూడుసార్లు. అది ఇనొస్తే?”

“గది ఆటల లేదు” అంది ఒకతి.

అప్పుడు నా మనవరాలు నా చెయ్యి లాగి, “అయితె నువ్వెయ్యి తాతా. అసలుది ఎట్లుంటదో ఏసి చూపియ్యి” అంది.

నోరు తెరిచాను. ఊపిరి లాగాను. గొంతులోంచి చప్పుడు రాలేదు. వీధికి అవతల, ఫర్లాంగు దూరంలో గని ఉంది. ఆదివారమైనా అక్కడ నలుగురు ఉంటారు. తూటా లేకుండా ఆ కేక నా నోట రాదు. “ఏందీ, మర్చిపోయినవా?” అని పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఈ గొంతు పట్టేయడం నాకు కొత్తగా అనిపించలేదు. ఈ మధ్యనే ఎక్కడో ఇట్లానే ఊపిరి లాగి ఆగిపోయాను. ఎక్కడ?

మేస్త్రీ ఇంటికి పోయాను. ఆయన మంచం మీద కూర్చొని కందులు చెరుగుతున్న కోడలికి సలహాలు ఇస్తున్నాడు. సంగతంతా చెప్పాను, పనిచేసే చెవి వైపు కూర్చొని, గట్టిగా. పార్కువాళ్లు కేక మార్చారని చెబుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆళ్లెందుకు మారుస్తర్రా? గా దినం నువ్వేసిందే గది.”

“నేను ఉరకమనేది ఏసిన.”

“నీ మొకం. రమ్మనేది ఏసినవ్. నేను నీ పక్కన్నే బండ మీద కూసున్న కద. నువ్వెయ్యంగనే నా కాళ్లు వాటంతట అవే లేసినయ్, గనిలకు దిగబోయిన. నీళ్లున్నయని యాదికొచ్చి ఆగిన.”

“మల్ల గప్పుడే ఎందుకు చెప్పలే?”

“కావాల్నని ఏసినవనుకున్న. పక్క గనిల మనుషులుండె. ఉరకమనేది ఏస్తే ఆళ్లు రొట్టెలు పారేసి ఉరికేటోళ్లు. మంచిగనే చేసినవ్ పో.” ఆగి, నన్ను చూసి, “గా మైకు పిలగాడు ‘ఇదేనా పెద్దాయనా’ అని అడిగితే మాత్రం, ‘గిదే’ అని ఎందుకన్నవో నాకు సమజ్ కాలే” అన్నాడు.

కోడలు చాట ఆపి నా వైపు చూసింది.

పైన రికార్డింగ్ సంగతి రాసినప్పుడు నేను ఈ మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు ఉరకమనే కేక కోసమే ఊపిరి లాగాను. అవతలి గనిలో మనుషుల తలకట్లు కనిపించాయి. గొంతు పట్టేసింది. రెండోది వచ్చింది. అంతవరకు తప్పు లేదు. కట్టుబాటు ఉన్న ఏ గని మనిషీ వేరేలా చెయ్యడు. అతను ‘ఇదేనా’ అని అడిగినప్పుడు, ఇది కాదు, అది ఇక్కడ వెయ్యకూడదు అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే అడుగుతాడు, వాదిస్తాడు, స్టూడియోకు రమ్మంటాడు అనుకున్నాను. బయటివాళ్లు, సినిమావాళ్లు, వాళ్లకు ఏదైతేనేం అనుకున్నాను. నమ్మనివాళ్లకు నిజం ఎందుకు అనుకున్నాను. గిదే అన్నాను. నా జ్ఞాపకం మంచిదని అందరూ అంటారు, నేనూ అంటాను. ఈ ఒక్క మాటను మాత్రం అది నా దగ్గర దాచి, పార్కువాళ్ల మీద నాలుగు పేజీలు రాయనిచ్చింది.

ఆ వారంలోనే మేస్త్రీకి తెలిసిన ఒక చిన్న గనిలో తూటా పెడుతున్నారని విని, మనవరాలిని, ఆ గుట్ట పిల్లను, మిగతా ముగ్గురినీ తీసుకొని దూరంగా చెరువు కట్ట మీద నిలబడ్డాను. అక్కడి కేక మనిషి వేశాడు. మూడోది పైకి పోతుంటే ఒక పిల్ల నా పంచె పట్టుకుంది. ఎవరూ చేతులు పైకెత్తలేదు. పేలుడు తరవాత దుమ్ము దిగాక, రెండు పొట్టి కేకలు, మెత్తటి దీర్ఘం వినిపించాయి. “గిది మన ఆటలది” అంది ఆ గుట్ట పిల్ల మెల్లగా. ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. కానీ అయిదుగురికి వినిపించగలిగాను. రోజూ బస్సులు కట్టుకొని పార్కుకు వచ్చేవాళ్లందరినీ ఏ కట్ట మీదికి తీసుకుపోను?

రెండో ఉత్తరం ఒకటే పేజీ. కేకలు మీరు మార్చలేదు, తప్పు కేక ఇచ్చింది నేను, అడిగితే అబద్ధం చెప్పింది నేను అని రాశాను. ఎందుకు అట్లా జరిగిందో, తూటా లేని చోట ఆ కేక ఎందుకు వెయ్యమో రాశాను. ఆ పిల్ల చెప్పిన జవాబు, ‘చేతులు లేపాలె, తర్వాత పేలుతది’ అన్నది ఉన్నదున్నట్టు రాశాను. దయచేసి దాన్ని తీసెయ్యండి అని రాశాను. ‘దయచేసి’ అన్న మాట నేను అంతకుముందు ఎవరికీ రాసిన గుర్తు లేదు.

పోస్టు చెయ్యకముందు బిడ్డకు ఫోన్‌లో చదివి వినిపించాను.

“పంపకు నాయినా” అంది. “తప్పు నాదే అని నువ్వే రాసిస్తే ఆళ్లకేం ఫికర్? కాగితం ఫైల్ల పెట్టుకుంటరు. రేపు ఎవలన్న అడిగితే, ముసలాయనే ఒప్పుకున్నడు, ఇగో సంతకం అంటరు.”

“గదే నాకూ అనిపిస్తుంది.”

“మరి?”

“పంపకపోతే గా కేక గట్లనే మోగుతది కదా.”

“జిరాక్స్ అన్న తీసి పెట్టుకో” అంది. తీసిపెట్టుకున్నాను, రెండు.

ఆ తరవాత చాలా రోజులు ఎదురుచూశాను. ఈసారి పోస్టాఫీసుకు పోలేదు. మేస్త్రీ రోజూ వచ్చి, “వచ్చిందా నీ కోర్టు కాగితం?” అని ఎగతాళి చేసి పోయేవాడు. తీరా ఒక ఉదయం కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు ఉన్నట్టు చేతికి తెలిసింది. జవాబుకు ఒక కాగితం చాలు, రెండోది ఎందుకు? అరుగుకు ఆనుకొని నిలబడే చింపాను. టీ తెప్పించిన ఆ యువతి రాసినదే. తెలుగులో ఉంది. రెండుసార్లు చదివాను. రాయనిది ఏముందా అని వెతికాను. మొత్తం ఇక్కడ ఇస్తున్నాను.

“పెద్దలకు నమస్కారం. మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిదానికి జవాబు ఇవ్వకపోవడం మా పొరపాటు. రెండోది వచ్చాక సినిమావాళ్ల దగ్గర అసలు రికార్డింగ్ తెప్పించుకొని విన్నాం. ‘ఇదేనా’ అని వాళ్లు అడగడం, ‘గిదే’ అని మీరు అనడం అందులో ఉన్నాయి. దానికి ముందు మీరు ఊపిరి లాగి ఆగిపోయిన చప్పుడు కూడా ఉంది. సోమవారం నుంచి రైడ్‌లో మీ కేక లేదు, ఆ చోట సైరన్ పెట్టాం. సినిమాలో ఉన్నదాన్ని మేం మార్చలేం, ఆ హక్కు మాకు లేదు. ఈ విషయంలో మీకు ఇక అభ్యంతరం లేదని జత చేసిన కాగితం మీద సంతకం చేసి పంపమని మా ఆఫీసువాళ్లు అడిగారు. అందులో ఏముందో తెలుగులో వెనక వైపు రాయించాను, చదివి ఇష్టమైతేనే పెట్టండి. అసలు కేకను స్టూడియోలో రికార్డు చేసి ఇమ్మని మిమ్మల్ని అడుగుదామని మా సౌండ్ విభాగం అంది. మీ ఉత్తరం చదివాక నేనే వద్దన్నాను.”